మా బాపు పెట్టె కోసం ఒక పూట దీక్ష

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో చప్పుడు ఆగిపోతేనే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి ఏమైందని అడిగేవాళ్లు. ఏ గల్లీలో నిలబడ్డా సాంచల మోత (మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు). పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ మోతలోనే మాట్లాడుకోవాలి, ఆ మోతలోనే చదువుకోవాలి, ఆ మోతలోనే అలగాలి. అందుకే మా ఊరివాళ్లు వేరే ఊరికి చుట్టపుచూపుగా పోతే, ఎందుకంత అరుస్తారని అందరూ అడుగుతారు. నేను కోరుట్లలో రక్తపరీక్షల ల్యాబులో పనికి చేరిన మొదటి రోజు, పేషెంటును మెల్లగా పిలిచాననుకుని పిలిస్తే, పక్కనున్న మందుల దుకాణంలోంచి ఇద్దరు లేచి వచ్చారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అంత చప్పుళ్ల ఊళ్లో పుట్టి, అంత చదువు చదివి, చెవి గురించి నాకేమీ తెలియదని తెలుసుకోవడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.

మా బాపు, అంటే మా నాన్న, అప్పటికి పాతికేళ్లుగా సాంచలు నడుపుతున్నాడు. ఆయనకున్న ఒకే ఒక షోకు, ఇంట్లో ఉన్న స్టీరియో. మా చిన్నమామ గల్ఫ్‌కు పోయి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చింది. రెండు క్యాసెట్లు పెట్టే డెక్కు, దానికి అటొకటి ఇటొకటి మోకాలెత్తు చెక్క డబ్బాలు. మా ఇంట్లో దాన్ని స్టీరియో అని ఎవరూ అనలేదు, 'పెట్టె' అనేవాళ్లం. నాకు బుద్ధి తెలిసేనాటికే అది ముసలిదైపోయింది. ఎడమవైపు క్యాసెట్ మూత ఊడిపోతే బాపు సాంచల దగ్గరి నూలుతో కట్టాడు. కుడి డబ్బా ఆన్ చేయగానే పలికేది కాదు, ఒక దెబ్బ వేస్తే పలికేది, కానీ పలికినంతసేపూ గొంతులో ఏదో అడ్డం పడినట్టు గరగరమనేది. టేపు అప్పుడప్పుడు లోపల చుట్టుకుపోతే అమ్మ పెన్సిల్ పెట్టి ఓపిగ్గా తిప్పి లోపలికి ఎక్కించేది. బాపు పని నుంచి రాగానే స్నానం చేసి, కుడి డబ్బా పక్కన చాప పరుచుకుని, దానికి తల ఆనించి కళ్లు మూసుకునేవాడు. డబ్బా మీద ఒక చెయ్యి ఉండేది. అలసిపోయి కునుకు తీస్తున్నాడని నేను, గరగర ఆపడానికి చెయ్యి పెట్టాడని మా చుట్టాలు అనుకునేవాళ్లం. అమ్మ ఏమనుకునేదో ఎవరమూ అడగలేదు.

కోరుట్లలో మా మేనత్త ఇంట్లో ఉండి పనికి పోయేదాన్ని. అత్తమ్మ బాపుకు అక్క. బీడీలు చుట్టేది. ఒడిలో చాట, నోట్లో మాట రెండూ ఆగేవి కావు. పనికి చేరి ఏడాది నిండాక, ఒకరోజు ల్యాబుకు వచ్చే పేపరు మడతలోంచి ఒక కాగితం జారింది. జగిత్యాలలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం వాళ్లది. ఇంట్లో ఏ పాత పాటల యంత్రం ఉన్నా తెచ్చివ్వండి, తక్కువ ధరకు కొత్త హోమ్ థియేటర్ పట్టుకుపొండి అని. ఐదు చిన్న డబ్బాలు, ఒక పెద్ద డబ్బా, రిమోటు, పెన్‌డ్రైవ్ పెట్టుకునే బెజ్జం. ఆ బొమ్మ చూడగానే నాకు మా కుడి డబ్బా గరగర గుర్తొచ్చి సిగ్గేసింది. సంపాదించే బిడ్డ ఉండగా మా బాపు నూలుతో కట్టిన పెట్టెలో పాటలు వినడమేమిటి అనుకున్నాను. (ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది మనుషులకు ఇలాంటి ఆలోచనలు వస్తాయి. తర్వాత తగ్గుతాయి.)

బాపు భజన బృందంతో కొండగట్టు పోయిన శనివారం చూసుకుని పని కానిచ్చాను. అమ్మ గడపలో నిలబడి ఒకటే మాట అన్నది. "మీ బాపు అచ్చినంక అడిగి తీస్కపో బిడ్డ."

"అడిగితె వద్దంటడే. తెచ్చి పెట్టినంక ఏమనడు."

పెట్టెను దుప్పట్లో, డబ్బాలను బియ్యం సంచుల్లో కట్టి జగిత్యాల బస్సెక్కాను. కండక్టర్ సంచిని తట్టి చూసి, "బియ్యమా?" అన్నాడు. "పాటలు" అన్నాను. ఆయన లగేజీ టికెట్టు కొట్టేశాడు. దుకాణంలో మీసాలాయన మా పెట్టెను ఒక మూలకు తోసి, కొత్తదాన్ని ఆన్ చేసి వినిపించాడు. షాపంతా దద్దరిల్లింది. "చెల్లె, దీంట్ల ఐదువందల పాటలు ఎక్కిచ్చి ఇస్తున్న. మీ నాయిన సచ్చెదాక ఇన్నా ఒడువయి" అన్నాడు. మాట కొంచెం అశుభంగా ఉన్నా పాటల లెక్క నచ్చి తెచ్చుకున్నాను.

కంపెనీ వాళ్లు ఆ యంత్రాన్ని ఏ మహల్‌ను మనసులో పెట్టుకుని చేశారో గానీ మాది ఒక గది, ఒక వంటిల్లు. పుస్తకంలో చూపించినట్టు ముందు మూడు, వెనక రెండు డబ్బాలు పెట్టాలంటే మా ఇంటికి వెనక అంటూ లేదు. చివరికి ఒకటి టీవీ మీద, ఒకటి దేవుడి గూట్లో, ఒకటి బియ్యం డ్రమ్ము మీద, మిగతా రెండు వంటింట్లో గిన్నెల అల్మారా మీద పెట్టాను. అమ్మ వంట చేసుకుంటుంటే ఆమెకు పాటలో కోరస్ వాళ్లు మాత్రమే వినబడేవాళ్లు. "పాడేటాయిన ఏడవోయిండే?" అని అడిగేది. ముందు గదిలోకి వచ్చి ఆయన్ను చూసిపోయేది. ఇల్లంతా వైర్లు. వాటి మీద కాలు పెట్టకుండా నడవడం ఇంట్లో అందరికీ వచ్చేసింది, అప్పుడప్పుడు వచ్చే నాకే రాలేదు. రిమోటుకు నలభై దాకా మీటలు, వాటిలో మేము వాడేవి రెండు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మేము చెప్పినవన్నీ మరిచిపోయి, తెర మీద తన పుట్టింటి భాషలో ఏదో రాసి, గొంతు పెంచి రేడియో మొదలుపెట్టేది. అన్నిటికన్నా పెద్ద సంగతి నాకు రెండో రోజున తట్టింది. దానిలో క్యాసెట్ పెట్టే చోటు లేదు. బాపు ట్రంకులో ఉన్న క్యాసెట్లన్నీ ఒక్క పూటలో ఉత్త ప్లాస్టిక్ అయిపోయాయి.

బాపు కొండగట్టు నుంచి నుదుట సింధూరంతో, చేతిలో ప్రసాదంతో వచ్చాడు. పెట్టె ఉన్న మూలకేసి చూశాడు. తర్వాత ఆ వైర్లన్నీ చూశాడు. నేను నా ప్రసంగమంతా చేశాను. ఐదు దిక్కుల నుంచి పాట వస్తుందని, గరగర ఉండదని. ఆయన ఎప్పటిలాగే పని ఆపి నా ముఖంలోకే చూస్తూ విన్నాడు. (మా బాపు ఎవరు మాట్లాడినా అలా ముఖంలోకి చూస్తూ వింటాడని నాకు చాలా గర్వంగా ఉండేది. తండ్రులందరూ అలా వినరు.)

"మంచిగుంది బిడ్డ" అన్నాడు.

నేను ఆదివారం సాయంత్రం విజయగర్వంతో కోరుట్ల బస్సెక్కాను. మళ్లీ రెండు వారాలకు వచ్చేసరికి, బాపు గోడకు ఆనుకుని కూర్చుని, ఆ పెద్ద డబ్బా మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెడుతున్నాడు. తర్వాత లేచి దేవుడి గూట్లోని చిన్న డబ్బాకు చెవి ఆనించబోతే అది జారి హారతి పళ్లెంలో పడింది. దాన్ని తుడిచి మళ్లీ గూట్లో పెట్టి బయటికి పోయాడు.

"సౌండ్ పెంచుకోరాదే బాపు" అని నేను వెనకనుంచి అన్నాను. ఆయన తిరిగి చూడలేదు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఎంత పెంచితె ఏంది. పక్కింటోళ్లకు ఇనవడ్తది గని మీ బాపుకు ఇనవడది."

"ఎందుకు ఇనవడది?"

"ఆయినకు చెవులు పోయి ఆరేండ్లాయె. సాంచల కాడ అందరియి గంతే. పెదవులు చూసి మాట్లాడుకుంటరు. గా పాత డబ్బకు తల ఆనిచ్చి, చెయ్యి వెట్టి ఇంటుండె. చెక్కల కెల్లి పాట బొక్కలకు (ఎముకలకు) వస్తుండెనట. గీ పెద్ద డబ్బ మీద చెయ్యి వెడితె ఉత్త దమ్ము దమ్మేనట. పాట దొరుకుతలేదంటుండు."

రోజూ పొద్దున్నే ముప్పై మంది రక్తం చూసి ఎవరికి ఏముందో కాగితం మీద రాసిచ్చే మనిషిని నేను. నా ఇంట్లో మనిషి నా ముఖంలోకి ఎందుకు చూస్తున్నాడో ఆరేళ్లు తెలుసుకోలేదు. ఎందుకు చెప్పలేదని అమ్మను అడిగితే, "చెప్పొద్దన్నడు. నీ చదువుల నడుమ ఎందుకన్నడు" అన్నది. అప్పటికి నా చదువు అయిపోయి ఏడాది దాటింది.

పెట్టె వెనక్కి తేవాలని ఆ క్షణంలోనే అనుకున్నాను. అయితే ఆ వారంలోనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూశారు, ఆఫీసులు మూశారు, కొన్నాళ్లకు బస్సులు కూడా డిపోల్లోంచి కదలడం మానేశాయి. కోరుట్లలో మా ల్యాబుకు ఎదురుగా రోడ్డు మీదే టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. రోజుకొక సంఘం వాళ్లు పొద్దున వచ్చి దండలు వేసుకుని కూర్చునేవాళ్లు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవాళ్లు. మధ్యలో ప్రసంగాలు, మైకు, పాటలు. మైకు ముందు ఏదో పెట్టి క్యాసెట్లు వేసేవాళ్లు. పొద్దంతా ఒకటే గరగర. ల్యాబులో సూది గుచ్చబోయే ప్రతిసారీ ముందు లేచి కిటికీ మూసి వచ్చేదాన్ని. "ఎక్కడ దొరికింది సార్ వీళ్లకు ఆ డొక్కుది" అని మా ల్యాబు సారుతో రెండు మూడుసార్లు అన్నాను కూడా.

అత్తమ్మకు సంగతి చెబితే చాట పక్కన పెట్టింది. నాకు తెలిసి అంతకుముందు ఆమె చాట పక్కన పెట్టింది మామయ్య పోయిన రోజునే. "మా తమ్మునికి ఇనవడదా? నాకు చెప్పలే వాడు" అని చెప్పులు వేసుకుంటూ, "లే, పోదాం" అన్నది. నేను ల్యాబు సారుకు ఫోన్ చేసి జ్వరం వచ్చిందని చెప్పాను. ఇద్దరం ఒక షేర్ ఆటోలో, పదకొండు మంది మధ్య ఇరుక్కుని జగిత్యాల చేరాం. దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోతే మీసాలాయన నన్ను గుర్తుపట్టాడు. పెట్టె కోసం కోరుట్ల నుంచి వచ్చామన్నాను.

"గా చెక్క డబ్బల సెట్టా? అది ఎవ్వలు కొనలే చెల్లె. మా బామ్మర్ది కోరుట్ల శిబిరంల ఉంటడు, పాటలకు ఏదన్న ఇయ్యి బావా అంటె ఇచ్చిన. మీ ఊళ్లెనే మోగుతుంది పో. ఇనలేదా?"

అత్తమ్మ నా వైపు చూసింది. నేను దుకాణంలో ఉన్న మిక్సీల వైపు చూశాను.

మరునాడు పొద్దున జ్వరాన్ని ఇంకో రోజు పొడిగించి, చున్నీ ముఖానికి చుట్టుకుని, అత్తమ్మ వెనక శిబిరానికి పోయాను. నిజంగానే మా పెట్టె. నూలు కట్టు అలాగే ఉంది. శిబిరం చూసుకునే రిటైర్డ్ సారు, తెల్లని ధోతి, మెడలో గులాబీ కండువా, అత్తమ్మ చెప్పేదంతా విన్నాడు. ఆయన ముఖంలో వేరే దిగులు కనిపించింది. ఆ రోజు కూర్చోవలసిన సంఘం వాళ్లు తమలో ఎవరింట్లోనో పెళ్లని ఒక్కరూ రాలేదట. టెంటు ఖాళీగా ఉంది. పేపరు ఫొటో తీసే అతను వచ్చే వేళైంది.

"అమ్మా, పెట్టె ఎటు పోదు. ముందు కూసోండ్రి. సాయంత్రం మాట్లాడుదాం" అన్నాడు.

"కూసుంటె ఇస్తరా?" అత్తమ్మ అడిగింది.

"కూసుంటె మీరు మనోళ్లయితరు. మనోళ్లకు ఇయ్యకుంట ఎవ్వలకిస్తం?"

పది నిమిషాల్లో అత్తమ్మ మా గల్లీలో బీడీలు చుట్టే ఎనిమిది మందిని పిలుచుకొచ్చింది. వెనక గుడ్డ మీద 'బీడీ కార్మికుల దీక్ష' అని అప్పటికప్పుడు రాశారు. మా అందరి మెడలో బంతిపూల దండలు పడ్డాయి. నాకు రోడ్డుకు అవతల మా ల్యాబు బోర్డు స్పష్టంగా కనబడుతోంది. దండ వేసుకోవాలంటే చున్నీ తీయాలన్నారు. తీశాను. అత్తమ్మ పొద్దున్నే మూడు రొట్టెలు తిని వచ్చింది, నేను కంగారులో ఏమీ తినలేదు. పన్నెండు గంటలకు పక్క హోటల్లో తాలింపు వేసిన వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగితే, పక్కనున్న ఆమె నన్ను ఉద్యమం కోసం ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

మూడు గంటలకు జనం బాగా చేరారు. సారు మైకు తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టి రెండు మాటలు మాట్లాడమన్నాడు. ఆమె మైకును చాటను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"నాకు మాట్లాడుడు రాదు. బీడీలు చుట్టుడు వస్తది" అని మొదలుపెట్టింది. "మేం ఎవ్వలది అడుగుతలేం. మాది మాకియ్యమంటున్నం. గది మా తమ్ముడు పాతికేండ్ల సంది కండ్లల్ల పెట్టుకొని చూస్కున్నది. తీస్కపోయిన నాడు ఆయినను ఒక్క మాట అడిగినోళ్లు లేరు. కొత్తది పెద్దగుంటది, మంచిగుంటది అని వాళ్లే చెప్పిన్రు, వాళ్లే మార్చిన్రు." (వాళ్లంటే నేనే.) "అచ్చినంక చూస్తె ఏమున్నది. అండ్ల మాకు జాగ లేదు. మా పాట మాకు దొరుకుతలేదు. అడుగవోతె ఆడ లేదు ఈడున్నది, పొద్దున కాదు సాయంత్రం అంటున్నరు. ఎన్నొద్దులు తిరగాలె? మాది మా చేతికిచ్చెదాక నేను గీ టెంటుల కెల్లి లేవ."

చప్పట్లు మొదలై చాలాసేపు ఆగలేదు. ముందు వరసలో ఒక పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సారు లేచి, ఇన్నేళ్లుగా ఎందరో నాయకులు మాట్లాడారు గానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేకపోయారని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు పొద్దుటి పెట్టె సంగతి గుర్తుందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. "జై తెలంగాణ" అన్నాడు. రోడ్డంతా "జై తెలంగాణ" అన్నది. అత్తమ్మ అన్నది. నేనూ అన్నాను.

ఐదు గంటలకు దీక్ష విరమింపజేయడానికి ఊళ్లో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇవ్వడం పద్ధతి. ఆ రోజు పెద్దమనిషి మా ల్యాబు సారు. నేను దండలో తల దాచుకునే ప్రయత్నం చేశాను గానీ బంతిపూలు ఆ పనికి రావు. ఆయన వరసలో అందరికీ గ్లాసులిస్తూ నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"జ్వరం ఎట్లుందమ్మా?"

"తగ్గింది సార్."

"ఇది తాగు. ఇంకింత తగ్గుతది. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి రా" అని గ్లాసు నా చేతిలో పెట్టాడు. చుట్టూ మళ్లీ నినాదాలు మొదలయ్యాయి, ఫొటో సరిగ్గా అప్పుడే తీశారు.

శిబిరం సారు మాట తప్పలేదు. పెట్టె బదులు కొత్తదాన్ని శిబిరానికి ఇస్తామని చెబితే ఆయనకూ సంతోషమే అయింది. మరునాడు ల్యాబు సారు చెప్పిన వేళకు నేను పనిలో ఉన్నాను. అత్తమ్మే ట్రాలీ ఆటోలో పెట్టెతో సిరిసిల్ల పోయి, హోమ్ థియేటర్ తెచ్చి శిబిరంలో దించింది. వాళ్లు దాన్ని టెంటు నాలుగు మూలలా కట్టారు. ముందు కూర్చున్నవాళ్లకు పాట, వెనక కూర్చున్నవాళ్లకు కోరస్. కరెంటు పోయి వచ్చినప్పుడు నాయకుడి ప్రసంగం మధ్యలో అది రేడియోలో వంటల కార్యక్రమం పెట్టేసిందని, ఆయన చాలాసేపు దానితో పోటీపడి మాట్లాడాడని తర్వాత చెప్పుకున్నారు.

బస్సులు మళ్లీ తిరిగాక ఇంటికి పోయాను. బాపు కుడి డబ్బాకు తల ఆనించి ఉన్నాడు. కళ్లు తెరిచేదాకా ఆగి, ఎదురుగా కూర్చున్నాను.

"ఉపాసమున్నవట" అన్నాడు.

"ఒక్క పూటే బాపు."

"మీ అత్త చెప్పింది." డబ్బా మీద చెయ్యి పెట్టాడు. "కొత్తది గూడ మంచిగుండె బిడ్డ. నాకే అందలే."

చెవుల డాక్టరు దగ్గరికి పోదామా అని అడిగాను. మెల్లగా, పెదవులు కదిపి, ఒక్కొక్క మాట. సరే అన్నాడు. (పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. చెవిమిషన్ పెట్టుకుని ఆయన మొదట అడిగిన మాట, "మీ అమ్మ గింత మాట్లాడ్తదా?")

రాష్ట్రం వచ్చిన తర్వాత కోరుట్లలో మా అత్తమ్మకు ఉద్యమకారిణి అని శాలువా కప్పారు. "నేను మా తమ్ముని పెట్టె కోసం కూసున్న" అని ఆమె మైకులోనే చెప్పింది. అందరూ ఆమె ఎంత నిగర్వి అని నవ్వారు. ఆ సభలో గోడకు దీక్షల నాటి ఫొటోలు పెట్టారు. వాటిలో నాదీ ఉంది. ఒక చేతిలో నిమ్మరసం గ్లాసు, మెడలో మెడకన్నా పెద్ద దండ, కళ్ల కింద ఆకలి. రెండో చెయ్యి మాత్రం పిడికిలి బిగించి పైకెత్తి ఉంది. యజమాని ఎదురుగా నిలబడి ఉండగా, అబద్ధం దొరికిపోయి ఉండగా, ఆ చెయ్యి దించాలని ఆ పిల్లకు తోచలేదు. నువ్వు పొద్దున ఎందుకొచ్చావు, సాయంత్రం ఎందుకరుస్తున్నావు అని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదో. నేను ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకే తెలియలేదు. నవ్వుకుని, పక్కవాళ్లకు దారిచ్చి ముందుకు నడిచాను.